గోదావరి దీవుల్లో బీచ్‌కి వెళ్లేముందు మొగ ఎక్కడుందో చూసుకోండి

సముద్రానికి వెళ్దాం అనుకోగానే చాలామంది ఫోన్ తీసి ఫొటోలు చూస్తారు. ఇసుక బాగుందా, కొబ్బరిచెట్లు ఉన్నాయా, కారు దగ్గరదాకా వెళ్తుందా, అంతే. గోదావరి డెల్టాలో ఆ లెక్కన బీచ్ ఎంచుకోవద్దు. ఇక్కడ ఏ తీరానికి వెళ్లినా అటో ఇటో గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలుస్తుంటుంది కాబట్టి, మీరు దిగబోయే చోటు ఆ కలిసే చోటుకి, అంటే మొగకి, ఎంత దూరంలో ఉందో ముందు తెలుసుకోవాలి. మొగ చూడ్డానికి ఎంత బాగుంటుందో నీళ్లలో దిగడానికి అంత ప్రమాదం. పిల్లల్ని తీసుకెళ్తున్నవాళ్లకి ఈ మాట మరీ మరీ చెప్తాను.

దీవి బీచ్ కావాలంటే అండమాన్ దాకా పోనక్కర్లేదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది, ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న కోనసీమ మొత్తం దీవే. పి.గన్నవరం అక్విడక్టు కిందుగా పారే వైనతేయ ఆ దీవిని మళ్లీ రెండు ముక్కలు చేస్తుంది. పడమటి ముక్కని రాజోలు దీవి అంటారు, అంతర్వేది అందులోనే ఉంది. తూర్పు ముక్క అమలాపురం వైపుది, ఓడలరేవు, ఎస్.యానాం అటు వస్తాయి. గౌతమి దాటి ఇంకా పైకి పోతే కోరంగి మడ అడవులు, కాకినాడకి ఎదురుగా హోప్ ఐలాండ్. మ్యాప్‌లో ఈ పేర్లన్నీ వెతికి, ఒక్కోదానికి దగ్గర్లో ఏ పాయ కలుస్తోందో చూసుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

మొగ దగ్గర ఎందుకు దిగొద్దంటున్నానో చెప్తాను. సముద్రానికి రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటు ఎక్కినప్పుడు ఉప్పునీరు పాయలోకి చాలా దూరం ఎగదన్నుతుంది. పాటు మొదలయ్యాక ఆ నీరంతా, దానికి తోడు పైనుంచి వచ్చే ఏటి నీరు, ఆ ఇరుకు మొగలోంచే బయటికి పోవాలి. పైకి నిదానంగా, దాదాపు నిలిచినట్టు కనిపించే నీరే కింద కాళ్లని లాగేస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పాటుల తేడా ఎక్కువ కాబట్టి ఆ లాగుడు కూడా ఎక్కువ. పైగా మొగ దగ్గర ఇసుక తిప్పలు వరదొచ్చిన ప్రతిసారీ మారిపోతుంటాయి. పోయినేడు మోకాల్లోతు ఉన్నచోట ఈ ఏడు నిలువు లోతు ఉండొచ్చు. "మేం ఎప్పుడూ ఇక్కడే దిగుతాం" అన్న మాట అందుకే మొగ దగ్గర చెల్లదు. పోటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్న సాయంత్రం ఐదింటికి ప్రశాంతంగా ఉన్న చోటు ఈరోజు అదే ఐదింటికి అలాగే ఉంటుందనుకోవద్దు. బయల్దేరేముందు తిథి చూసుకోండి, అక్కడికి వెళ్లాక పల్లెకారుల్ని "ఇప్పుడు పోటా, పాటా?" అని అడగండి. గడియారం చూడకుండానే చెప్తారు.

తీరానికి చేరగానే నీళ్లలోకి పరిగెత్తకుండా ఒక పావుగంట నిలబడి చూడండి. ముందు కాళ్ల దగ్గర చూడాలి. అలలు తెచ్చి పడేసిన చెత్త ఒక గీతలాగా తీరం పొడుగునా ఉంటుంది. అందులో గవ్వలు, ఆల్చిప్పలు, వల పోగులు మాత్రమే ఉంటే మీరు మొగకి దూరంగానే ఉన్నట్టు. వాడిపోయిన గుర్రపుడెక్క, ఈతాకు, వెదురు ముక్క కనిపించాయంటే ఏటి నీరు ఇక్కడిదాకా వస్తోందన్నమాట. తర్వాత ఇసుక వాలు. తడి ఇసుక గట్టిగా, పళ్లెంలా పరుచుకుని, అల దూరంగా విరిగి పల్చగా మీ దగ్గరికొస్తే మంచిది. అలా కాకుండా ఇసుక మెట్టులా నిటారుగా కోసుకుపోయి, అల మీ ముందుకొచ్చి ఒక్కసారిగా కూలుతుంటే, రెండడుగులు వేస్తే నడుం లోతు. అక్కడ పిల్లల్ని దించొద్దు.

ఇక నీటి వంక చూడండి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం అల విరగకుండా నీరు నల్లగానో, ఇసుక కలిసి బురదగానో, నురగ లోపలికి పోతూనో కనిపిస్తే, అదే నీరు వెనక్కి మళ్లే దారి. తెలియనివాళ్లు అలల్లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. పొరపాటున లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎంత ఈతగాడికైనా శోష వచ్చేస్తుంది. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, ఆ దారి వెడల్పు తక్కువే కాబట్టి దాటాక అలలే మిమ్మల్ని బయటికి తోస్తాయి. ఈత రానివాళ్లు చెయ్యెత్తి, తేలుతూ ఉండాలి. ఒడ్డున ఉన్నవాళ్లు రక్షించడానికి దూకకుండా తాడో, ఖాళీ క్యానో విసరాలి. ప్లాస్టిక్ క్యాన్ ఒకటి, పొడుగు తాడు ఒకటి కార్లో వేసుకోండి, ఈ తీరాల్లో చాలాచోట్ల లైఫ్‌గార్డులు ఉండరు.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఒడ్డునుంచి అలివి వల లాగే చోటు ఏదో కనుక్కోండి. అడుగున మొద్దులో గుంటలో ఉంటే వల చిక్కుకుని చిరుగుతుంది కాబట్టి, వాళ్లు రోజూ లాగే చోట నేల సాపుగా ఉంటుంది. అలాగని వల లాగుతున్నప్పుడు మధ్యలోకి వెళ్లి ఫొటోలు దిగొద్దు, అది వాళ్ల కూడు.

ఇప్పుడు చోట్ల సంగతి. ఒక్కటే రోజు ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తుంటే, నా ఓటు అంతర్వేదికే. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక ఊరు దాటి లైట్‌హౌస్ వైపు వెళ్తే సముద్రం, ఇంకో వైపు వశిష్ఠ కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. ఏటి నీరు ఒక రంగు, సముద్రం ఒక రంగు, రెంటి మధ్య గీత కదులుతూ ఉంటుంది. వరదల రోజుల్లో అటు ఎర్రగా ఇటు బూడిదగా ఇంకా బాగా తెలుస్తుంది. ఆ గట్టు మాత్రం చూడ్డానికే. స్నానం చేయాలంటే మొగ వదిలేసి తూర్పుకి, జనం చేసే చోటుకి వచ్చి మోకాళ్ల దాకా చాలు. సాయంత్రం పొద్దు వశిష్ఠ అవతలి ఒడ్డు మీద గుంకుతుంది, అప్పటికి గట్టు దగ్గరే ఉండేలా చూసుకోండి. నరసాపురం దాకా రైలుంది, అక్కణ్ణుంచి సఖినేటిపల్లి రేవుకి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే ఆ ప్రయాణమే పిల్లలకి పండగ. కారుంటే చించినాడ వంతెన మీదుగా రావచ్చు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి ముందురోజు, దశమి రాత్రి స్వామి కల్యాణం, ఆ రోజుల్లో ఇసక వేస్తే రాలనంత జనం. తిరునాళ్ల కోసమే వెళ్తే సరే, సముద్రం కోసమైతే వారం అటో ఇటో జరుపుకోండి.

కుర్రాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, హడావుడి వద్దనుకునేవాళ్లు ఓడలరేవు చూడొచ్చు. అమలాపురం నుంచి అల్లవరం మీదుగా వెళ్తే దారంతా కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, చివర్లో సరుగుడు తోపులు. వైనతేయ మొగ ఇటు ఓడలరేవు, అటు కరవాక. కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తలన్నీ ఇక్కడ రెట్టింపు, మొగకి తూర్పుగా బాగా దూరం నడిచి మరీ కూర్చోండి. ఉప్పలగుప్తం మండలంలోని ఎస్.యానాం తీరం అంతకంటే విశాలం, ఆడుకోవడానికి బోలెడు చోటు. దీన్ని పుదుచ్చేరిలో భాగమైన యానాంతో కలిపేసుకోవద్దు, మ్యాప్ ఒక్కోసారి అటు తీసుకుపోతుంది. ఆ యానాం గౌతమి ఒడ్డున ఉంది, అక్కడ సాయంత్రం గోదావరి గట్టు మీద కూర్చోవడం బాగుంటుంది, అలలు కావాలంటే మాత్రం కాదు.

వశిష్ఠకి పడమర మొగల్తూరు మండలం పేరుపాలెం దీవి కాదు గానీ జనం ఎక్కువగా వెళ్లేది అక్కడికే. కార్తీకమాసం ఆదివారాల్లో వనభోజనాలకి కిటకిటలాడుతుంది. సందడి ఇష్టమైతే వెళ్లండి, జనం ఉన్నారు కదా అని లోతుకి మాత్రం పోవద్దు.

హోప్ ఐలాండ్ సంగతి వేరు. గోదావరి తెచ్చిన ఇసుకే రెండువందల ఏళ్లలో పేరుకుని పొడవాటి తిన్నెగా, 16 కిలోమీటర్ల దాకా సాగింది. అది అడ్డం ఉండబట్టే కాకినాడ అఖాతంలో అలలు నెమ్మదిగా ఉంటాయి. లోపలి వైపు నిలకడ నీరు, బురద నేల. బయటి వైపు అసలు సముద్రం. పడవలోనే వెళ్లాలి, అటవీశాఖ అనుమతులు మారుతుంటాయి కాబట్టి ఆ వారంలో వెళ్లనిస్తున్నారో లేదో కాకినాడలో కనుక్కున్నాకే ప్లాన్ వేసుకోండి. కుదరకపోతే చొల్లంగి దగ్గర కోరంగి అభయారణ్యంలో చెక్క వంతెన మీద మడచెట్ల మధ్య నడవండి. బావురుపిల్లి ఉండే అడవి అది. గౌతమి మొగల వైపు బలుసుతిప్ప, మగసానితిప్ప లాంటివి మడ అడవులు, పక్షులు చూసేవాళ్లకి అద్భుతం, ఇసుకలో ఆడాలనుకునేవాళ్లకి మోకాలి దాకా దిగబడే బురద. స్థానిక పడవవాళ్లు లేకుండా అటు వెళ్లనే వద్దు.

కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. తుపాన్ల టెన్షన్ తగ్గి, గాలి నెమ్మదించి, ఎండ కాచుకోవాలనిపించే రోజులు. సంక్రాంతి మూడు రోజులూ దిండి రిసార్టు, అమలాపురం లాడ్జీలు దొరకడం కష్టం, ఆ రోజులకి చాలా ముందే బుక్ చేసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం పోటెత్తి ఉంటుంది, జూలై ఆగస్టుల్లో గోదారికి వరద. పులస కోసం రండి, స్నానానికి వద్దు. అక్టోబరు నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉందేమో చూడకుండా కదలొద్దు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమని ఏం చేసిందో ఇక్కడి ఏ పెద్దాయన్ని అడిగినా చెప్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం, ఆ రెండు నెలల్లో తాజా సముద్రపు చేప తక్కువే దొరుకుతుంది, చెరువు రొయ్యలతో సర్దుకోవాలి.

అన్నట్టు, ఫొటోల్ని ఎందుకు నమ్మొద్దన్నానంటే, ఎగువన ఆనకట్టల వెనకాల ఇసుక ఆగిపోవడంతో ఈ తీరం చాలాచోట్ల కోసుకుపోతోంది. నాలుగేళ్ల కిందటి ఫొటోలో కనిపించిన సరుగుడు తోపు ఇప్పుడు నీళ్లలో ఉండొచ్చు. వెళ్లేముందు ఆ ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి రోడ్డు, తీరం ఎలా ఉన్నాయో అడగడం మంచిది.

శీతాకాలంలో, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. రాత్రిపూట తీరంలో ఉంటే టార్చి, ఫ్లాష్ వాడకండి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి, మీ లైటు చూసి సముద్రానికి బదులు రోడ్డెక్కుతాయి. కారూ బైకూ ఇసుక మీదికి తీసుకెళ్లకండి, గుడ్లు చితికిపోతాయి, పైగా పోటు ఎక్కేవేళకి చక్రం దిగబడితే బండి ఉప్పునీళ్ల పాలు.

భోజనం తీరంలో దొరుకుతుందని ఖాళీ చేతులతో వెళ్లొద్దు. పొద్దున్నే ఊళ్లో ఎవరికైనా చెప్పి, చేపలో పీతలో కొనిచ్చి వండించుకుంటే మధ్యాహ్నానికి వేడి అన్నం, పులుసు రెడీ. మంచినీళ్లు మాత్రం మనిషికి రెండు లీటర్ల చొప్పున మీరే పట్టుకెళ్లండి. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గదులు అన్నిచోట్లా ఉండవు, అంతర్వేదిలో అయితే సత్రంలో గది తీసుకోవచ్చు. పంటు మీద వచ్చినవాళ్లు రేవు దిగగానే ఆఖరి పంటు ఎన్నింటికో అడిగి, దానికి గంట ముందే బీచ్ నుంచి బయల్దేరండి.