రూబ్రిక్‌తో దిద్దినా వ్యాసాల మార్కులు కుదరకపోతే

లక్షణం: రూబ్రిక్‌లో, అంటే ఏ అంశంలో ఏ స్థాయికి ఎన్ని మార్కులో చెప్పే పట్టికలో, విషయం, క్రమం, పదజాలం, భాషాదోషాలు అని నాలుగు అంశాలు, ఒక్కొక్కదానికి 5 మార్కులు. తీరా దిద్దాక చూస్తే ఒక విద్యార్థికి వరుసగా 4, 4, 4, 4, మరొకరికి 2, 2, 2, 2 పడ్డాయి. అదే కట్టను మరొక ఉపాధ్యాయుడు దిద్దితే మొత్తాలు మారిపోతున్నాయి.

ముందుగా చూడవలసినది: కొత్త రూబ్రిక్ కోసం వెతకడానికి ముందు ఉన్నదానిలో స్థాయిల వర్ణనను చదవండి. ఎన్నిసార్లు చెప్పినా దీనిని దాటవేసేవారే ఎక్కువ. "చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు" అని ఉంటే ఎవరికి తోచిన మార్కు వారు వేస్తారు. "అభిప్రాయం చెప్పి, దానికి రెండు కారణాలు, ఒక ఉదాహరణ ఇచ్చారు" అన్నట్లు, కాగితం మీద వేలు పెట్టి చూపగలిగేలా రాయండి. తరువాత ఇద్దరూ అవే ఐదు వ్యాసాలను విడివిడిగా దిద్ది, తేడా వచ్చిన అంశం దగ్గర ఆగి మాట్లాడుకోండి.

ఇంటిదొంగ: వర్ణనలు సరిగా ఉన్నా అంకెలు ఒకేలా పడుతుంటే కారణం దస్తూరి, వత్తులు. తాగునీటి ఎద్దడి గురించి సర్పంచికి లేఖ రాయమన్నప్పుడు, గజిబిజి రాతతో, ణ-న, ళ-ల తేడా లేకుండా రాసిన ఒక తొమ్మిదో తరగతి విద్యార్థికి నేను అన్ని అంశాలలోనూ 2 వేశాను. తోటి ఉపాధ్యాయురాలు ఆ లేఖను పైకి చదివి వినిపించినప్పుడు గాని, ఏ వీధిలో ఎన్నాళ్లుగా నీళ్లు రావడం లేదో, ఏమి చేయాలో అతడు వరుసగా చెప్పాడని నాకు తెలియలేదు. సైనికాధికారులు తమ కింది వారికి ఇచ్చిన అంచనాలలో ఇలాంటి పొరపాటునే, అంటే ఒక గుణం మీది అభిప్రాయం మిగతా అన్నింటికీ పాకడాన్ని, అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో గుర్తించి, దానిని "హేలో" అన్నాడు.

పరిష్కారం: విద్యార్థి వారీగా కాక అంశం వారీగా దిద్దండి. కట్ట మొత్తానికి విషయం మార్కులు వేసి, కాగితాల వరుస మార్చి, అప్పుడు క్రమం చూడండి. భాషాదోషాలను చివరికి ఉంచండి. మార్కులు వేరే కాగితం మీద వేయండి. భాషాదోషాల వంతు వచ్చేవరకు ఎర్ర కలం మూత తీయవద్దు, ఎందుకంటే మీరు చుట్టిన సున్నాలే తరువాతి అంశంలో మీ చేయి పట్టి లాగుతాయి. నాలుగుసార్లు చదవాలా అని విసుక్కుంటారు గాని, ఒక్క అంశం కోసమే చదివితే చూపు వేగంగా సాగుతుంది. అక్షరదోషానికి ఒక్క చోటనే మార్కు తగ్గించాలి. అర్థమే తెలియకపోతే మాత్రం విషయంలోనూ తగ్గించవచ్చు.

కూడికల పొరపాట్లు, అంశాలు మరీ ఎక్కువ కావడం వంటివి అరుదు. ఐదుకు మించి ఉంటే కొన్నింటిని కలిపేయండి, చాలు.

ఇంత చేసినా ఒకరికి వరుసగా ఒకే అంకె పడితే దిద్దినవారిని అనుమానించవద్దు; అన్నింటిలోనూ సమానంగా రాసే పిల్లలూ ఉంటారు.