రెండు నెలల తర్వాత ఆన్ చేస్తే...

రెండు నెలలు ఒంట్లో బాగోలేక కంప్యూటర్ జోలికే పోలేదు. మొన్న ఆన్ చేస్తే ఏ సైటుకెళ్లినా ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అనే. వైరస్ అనుకుని గంటసేపు టెన్షన్ పడ్డాను. మా అమ్మాయి వచ్చి స్క్రీన్ మూలన తేదీ చూపించింది: “నాన్నా, నువ్వింకా 2015లోనే ఉన్నావు!”

తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్ల (అవి అసలువేనని చూపే గుర్తింపు పత్రాల) గడువు బ్రౌజర్ లెక్కకు అందదు. మదర్‌బోర్డు మీద, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. ప్లగ్ పీకేసి, క్లిప్పు పక్కకు నొక్కి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టాను. తేదీ సరిచేశాక అన్నీ తెరుచుకున్నాయి.

ఆఫీసు మెయిళ్లు కొత్తవాటి నుంచి వెనక్కి చదివాను. సగం గొడవలు వాటంతటవే తీరిపోయి ఉన్నాయి. రాస్తూ ఆపిన కథ మాత్రం “ఆమె తలుపు తీసి” దగ్గరే ఉంది. బయట ఎవరున్నారో నాకే గుర్తులేదు.