విదేశం నుంచి పంపే జీపీఏతో ఇక్కడి ఆస్తి అమ్మాలంటే: దరఖాస్తు విధానం

విదేశాల్లో ఉంటూ ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్న స్థలాన్ని మరొకరి చేత అమ్మించదలచినవారు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే జీపీఏ, రాసి పంపుతారు. పత్రం రాయించడం పెద్ద పనేమీ కాదు. దస్తావేజు లేఖరుల దగ్గర నమూనాలు సిద్ధంగానే ఉంటాయి. కొనేవారిని వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి పని కాక తిరిగి వచ్చేవారిలో చాలామందికి చిక్కు వచ్చేది ఆ తరువాతి దశల్లోనే.

ఏజెంటుకు, అంటే జీపీఏ పుచ్చుకుని అమ్మిపెట్టే వ్యక్తికి, ఉండేది పత్రంలో రాసినంత అధికారమే. ‘ఆస్తి వ్యవహారాలన్నీ చూసుకోవచ్చు’ అన్న వాక్యం అద్దె వసూలుకు సరిపోతుందేమో గానీ అమ్మకానికి చాలదు. అమ్మడం, సొమ్ము పుచ్చుకుని రసీదు ఇవ్వడం, విక్రయ దస్తావేజుపై సంతకం చేయడం, దాన్ని రిజిస్ట్రేషనుకు దాఖలు చేసి ఒప్పుకోలు ఇవ్వడం, వీటిలో ప్రతి ఒక్కదాన్నీ విడిగా రాయించాలి. సొమ్ము పుచ్చుకునే అధికారం ఏజెంటుకు ఇవ్వడం ఇష్టం లేకపోతే అది యజమాని ఖాతాలోనే జమ కావాలని స్పష్టంగా రాయించుకోవచ్చు. ఏజెంటు బంధువే అయినా, ఏమనుకుంటాడోనని ఇక్కడ మొహమాటపడవద్దు.

పేరు విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. పాత దస్తావేజులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయిన స్త్రీల విషయంలో ఒక్కోసారి ఇంటిపేరే మారి ఉంటుంది. రెండు పేర్లనూ ‘అలియాస్’ అని కలిపి జీపీఏలోనే రాయిస్తే తరువాత ప్రశ్న రాదు. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు మాత్రం అసలు దస్తావేజులో ఉన్నట్టే దింపాలి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షను ప్రకారం, విదేశంలో నివసించేవారి జీపీఏను నోటరీ, కోర్టు, జడ్జి, మేజిస్ట్రేటు లేదా భారత కాన్సులేట్ అధికారి ఎదుట రాసి ధ్రువీకరింపజేయాలి. కాన్సులేట్ ధ్రువీకరణ ఉంటే ఇక్కడ ఆక్షేపణలు తక్కువ. ఇంట్లోనే సంతకాలు పెట్టేసి తీసుకువెళ్లకూడదు.

అసలు తడబాటు ఇక్కడినుంచే. పత్రం భారతదేశానికి చేరిన నాటి నుంచి మూడు నెలల లోపు, స్టాంపుల చట్టం 18వ సెక్షను ప్రకారం, స్టాంపు సుంకం చెల్లించాలి. జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ‘వాలిడేషన్’ అని పిలిచేది దీన్నే. గడువు లెక్క పత్రంపై ఉన్న సంతకం తేదీ నుంచి కాదు, అది ఇక్కడ అందిన తేదీ నుంచి. కాబట్టి అది వచ్చిన కొరియర్ కవరును తేదీ ముద్రతో సహా దాచిపెట్టాలి. జీపీఏ అసలు ప్రతి, పాస్‌పోర్టు నకలు, యజమాని, ఏజెంటు ఇద్దరి ఫొటోలు, ఏజెంటు గుర్తింపు పత్రాలు, ఆస్తి దస్తావేజు నకలు జతచేసి ఏజెంటే దరఖాస్తు ఇవ్వవచ్చు. కుటుంబ సభ్యుల పేర ఇచ్చిన జీపీఏకు, బయటివారికి ఇచ్చినదానికి సుంకంలో తేడా ఉంటుంది. రేటు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూసుకోవడం మంచిది.

గడువు దాటితే పాత తేదీ వేయించి పని జరిపిస్తామనేవారు కార్యాలయం బయట దొరుకుతారు. వారి మాట నమ్మవద్దు; ఆ తేదీ ఎప్పుడైనా బయటపడితే దాని ఆధారంగా జరిగిన అమ్మకమే వివాదంలో పడుతుంది. అలాగని గడువు దాటిందని కంగారు పడనక్కరలేదు. యజమాని కొత్త జీపీఏ రాసి పంపితే మూడు నెలలు మళ్లీ మొదలవుతాయి. కొంత ఖర్చు, కొంత ఆలస్యం, అంతే.

కొనేవారు గమనించవలసినది ఒకటి. జీపీఏ చేతికి వచ్చినంత మాత్రాన ఆస్తిపై హక్కు రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. హక్కు రావాలంటే రిజిస్టరైన విక్రయ దస్తావేజు ఉండాలి. ఆస్తిలో ఏజెంటుకు సొంత ప్రయోజనం ఉన్న సందర్భాల్లో తప్ప, యజమాని మరణిస్తే ఏజెంటు అధికారం కూడా ముగిసిపోతుంది. అందుకే రిజిస్ట్రేషనుకు ముందు యజమానితో వీడియో కాల్‌లో ఒక్కసారి మాట్లాడించమని కొనేవారు అడిగితే, ఏజెంటు నొచ్చుకోవలసిన పని లేదు.