బ్లెండర్‌లో ఎముకలకు అతుక్కోని బల్లి: నా అనుభవం

మా తిరుపతి కొండల్లో కనిపించే బంగారు బల్లిని గేమ్ కోసం బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో తయారు చేస్తున్నాను. దాని వేళ్ల చివర విసనకర్రల్లా విచ్చుకుని ఉంటాయి, నాకు ప్రాణం అవే. ఏ ఎముకతో శరీరంలో ఏ భాగం కదలాలో బ్లెండరే లెక్కకట్టే 'ఆటోమేటిక్ వెయిట్స్' నొక్కిన ప్రతిసారీ 'బోన్ హీట్ వెయిటింగ్ ఫెయిల్డ్' అని వచ్చేది. ఎముక కదిలేది, వేలు కదిలేది కాదు.

ఎముకలు మళ్లీ పెట్టాను, బ్లెండర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, నార్మల్స్ (ఉపరితలం ఏ వైపు తిరిగి ఉందో చెప్పే దిశలు) సరిచేశాను. లాభం లేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు మెష్ (బల్లి శరీరపు ఆకారం), ఆర్మేచర్ (దాని ఎముకల గూడు) రెండింటికీ కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేశాను, అంటే ఇప్పుడున్న సైజునే అసలు సైజుగా లెక్కించేలా చేశాను. ఎడిట్ మోడ్‌లో అంతా సెలెక్ట్ చేసి, ఎం నొక్కి, 'బై డిస్టెన్స్'తో ఒకదానిమీద ఒకటి పడ్డ వర్టెక్స్‌లను (మెష్ బిందువులను) కలిపేశాను. ఆబ్జెక్ట్ మోడ్‌కి వచ్చి రెండింటినీ కలిపి పది రెట్లు పెంచాను. అసలు కీలకం ఇక్కడే ఉంది. ఆ సైజులోనే, ముందు మెష్, తర్వాత ఆర్మేచర్ సెలెక్ట్ చేసి, కంట్రోల్ పీ, ఆటోమేటిక్ వెయిట్స్. ఎర్రర్ రాలేదు! తర్వాత ఆర్మేచర్‌ను ఒక్కదాన్నే 0.1కి తగ్గిస్తే మెష్ కూడా దాంతోపాటే తగ్గింది. పోజ్ మోడ్‌లో చిటికెన వేలు తిప్పితే అదొక్కటే ముడుచుకుంది. ఎంత సంతోషమేసిందో!

నా మోడల్ చాలా చిన్నది, వేళ్ల ఎముకలు మరీ దగ్గర, అందుకే సైజు పెంచడం పనిచేసిందనుకుంటున్నాను. కళ్లు, పళ్లు విడి ముక్కలుగా ఉన్న మోడల్‌కి ఇదొక్కటే సరిపోకపోవచ్చు.