ఫొటో ఎడిటింగ్, 4వ పాఠం: పొందూరు ఖద్దరు తెలుపు నిలబెట్టడం

పోయిన పాఠంలో రా ఫైలు (కెమెరా ఏమీ మార్చకుండా దాచిన ఫొటో) తెరిచి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చదివాం. ఈసారి రంగు. అభ్యాసానికి మన శ్రీకాకుళం జిల్లాలో పొందూరు ఖద్దరును మించింది లేదు. వాలుగ చేప దవడ పళ్లతో దూది దువ్వి, చేత్తో వడికి నేసే ఈ బట్టను బ్లీచింగ్ చేయకపోతే మీగడ ఛాయ ఉంటుంది. ఎడిటింగ్‌లో ముందుగా పోయేది ఆ ఛాయే.

సగం పని ఫొటో తీసేటప్పుడే ఉంది. ఫ్రేము నిండా తెల్లబట్ట ఉంటే కెమెరా మీటరు దాన్ని బూడిదరంగుకు దించేస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు చెప్పిన వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) +1 పెట్టండి. మగ్గం దగ్గర కిటికీ వెలుగు చాలితే ట్యూబ్‌లైటు ఆపించండి. రెండు రకాల వెలుగు కలిస్తే బట్ట ఒక పక్క నీలంగా, మరో పక్క పచ్చగా వస్తుంది, ఒక్క స్లైడరుతో రెండూ సరిపడవు. మొదటి ఫ్రేములో బట్ట పక్కనే గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట) పెట్టి తీయండి.

ఇప్పుడు వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుకు తగ్గట్టు ఫొటో రంగులు సరిచేయడం. ఎక్కువమంది ఐడ్రాపర్‌ను (రంగులేని చోటును చూపించే పరికరం) నేరుగా బట్ట మీద నొక్కుతారు. మీరు చూపించిన చోట ఏ రంగూ లేదని సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. మీగడలోని పసుపును తీసేయడానికి ఫొటో మొత్తానికి నీలం కలుపుతుంది. బట్ట సర్ఫు ప్రకటనలోలా మెరుస్తుంది, నేతగాడి చేతులు మాత్రం పాలిపోతాయి. ప్రింటరు కాగితం మీద నొక్కినా తప్పే. దానిలో మెరుపు కోసం కలిపే రసాయనం కిటికీ ఎండకు నీలంగా వెలుగుతుంది, దాన్ని సరిచేయబోయి ఫొటో పసుపెక్కుతుంది. గ్రే కార్డు మీదే నొక్కి, ఆ సెట్టింగును మిగతా ఫ్రేములకు కాపీ చేయండి.

వెలుగు రంగును చెప్పే కెల్విన్ అంకె దగ్గర చాలామంది తికమకపడతారు. మామూలు ఎండ సుమారు 5500, నీడ 7000 పైన, పాత ఫిలమెంటు బల్బు 2800 దరిదాపు. నీడ వెలుగు నీలం కదా, మరి స్లైడరును 7500కి జరిపితే ఫొటో పసుపెక్కుతుందేం? ఆ అంకె ఫొటోకు వేసే రంగు కాదు. తీసినప్పుడు వెలుగు ఎలా ఉందో మీరు చెప్పే మాట. నీలం వెలుగని చెబితే, విరుగుడుగా పసుపు చేరుతుంది. జేపెగ్‌లో (కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫొటో ఫైలు) ఇంత దూరం జరిపితే రంగులు చారలు కడతాయి. దానిలో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ల రా ఫైలులో 16,384.

తరువాత ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుగు. 0 నల్లనిది, 255 పూర్తి తెలుపు అనుకుంటే, బట్టలో బాగా వెలుగున్న చోటు 235–245 మధ్య ఉండాలి. 255 తాకితే పోగులు కనబడవు, తీసేటప్పుడే రా ఫైలులో వెలుగు హద్దు దాటి ఉంటే హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) దించినా తిరిగి రావు. చేతులు నల్లబడితే షాడోస్ (చీకటి భాగాలు) +20 చాలు. గరుకుదనాన్ని ఎత్తి చూపే క్లారిటీ స్లైడరు జోలికి పోకండి, సన్నపోగు గోనెసంచిలా కనిపిస్తుంది.

సన్ననేత మీద అలల్లాంటి రంగు చారలు వస్తే అది మ్వారే. ముందు 100 శాతం జూమ్‌లో చూడండి. తగ్గించి చూసినప్పుడు లేని చారలు కూడా కనిపిస్తాయి. నిజంగా ఉంటే ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు, ఒక అడుగు వెనక్కి జరిగో, కోణం మార్చో మళ్లీ తీయాలి.

అభ్యాసం: ఒకే ఫ్రేములో బట్ట, కాగితం, గ్రే కార్డు పెట్టి తీసి, మూడు కాపీలు చేయండి. ఒక్కో కాపీలో ఒక్కోదాని మీద ఐడ్రాపర్ నొక్కండి. అసలు బట్టను పగటి వెలుగులో తెర పక్కన పట్టుకుని, మూడింటితో పోల్చండి. డార్క్‌టేబుల్, రాథెరపీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, ఏదైనా సరిపోతుంది.