నాట్లకు దిగే ముందు: ఎలుక జ్వరం, స్క్రబ్ టైఫస్ జాగ్రత్తలు

కాలవలకు నీళ్ళు వదిలే రోజులు దగ్గరపడ్డాయి. దమ్ము చేయాలి, గట్లు చెక్కాలి, నారు పీకాలి, ఆ తర్వాత వారాల తరబడి మోకాలి లోతు బురదలో నడుం వంచి నాట్లు వేయాలి. ట్రాక్టరు, కూలి, ఎరువుల గురించి అందరూ ముందే లెక్కలు వేసుకుంటారు గానీ కాళ్ళ గురించి ఎవరూ ఆలోచించరు. ఇది నీళ్ళలో, బురదలో పనిచేసే వాళ్ళ కోసం రాస్తున్నాను. పొలంలో దిగేవాళ్ళు, పశువుల కొట్టం కడిగేవాళ్ళు, డ్రైనేజీలు తీసేవాళ్ళు, చెరువుల్లో చేపలు పట్టేవాళ్ళు, వీళ్ళందరి ఇళ్ళలో ఫోన్ చూసే పిల్లలు కూడా చదివి పెద్దవాళ్ళకు చెప్పండి.

నేను మైక్రోబయాలజీ ల్యాబ్ వైపు మనిషిని. వానాకాలం జ్వరం అనగానే డెంగీ, మలేరియా, టైఫాయిడ్ అని మూడు పేర్లే నోట్లో తిరుగుతాయి. వాటి పక్కనే ఇంకో రెండు ఉన్నాయి: లెప్టోస్పైరోసిస్, అంటే మనవాళ్ళు ఎలుక జ్వరం అనేది, రెండోది స్క్రబ్ టైఫస్. మామూలు రక్తపరీక్షలో ఈ రెండూ పట్టుబడవు. లెప్టోస్పైరా మెలికలు తిరిగిన బ్యాక్టీరియా, మందం మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు మాత్రమే, అందుకని ల్యాబ్‌లో రోజూ రంగు వేసి చూసే గ్రామ్ స్టెయిన్‌లో కనిపించదు, నల్లటి నేపథ్యం మీద క్రిములు మెరిసేలా చూపించే డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తేనే కొసలు వంకర తిరిగి, చకచకా తిరుగుతూ కదులుతుంది. ల్యాబ్‌లో పెంచుదామంటే వారాలు పడుతుంది, అప్పటికి రోగి కోలుకోవడమో, పరిస్థితి చేయిదాటడమో జరిగిపోతుంది. స్క్రబ్ టైఫస్ క్రిమి ఇంకా మొండిది, మన కణాల లోపలే బతుకుతుంది, ల్యాబ్‌లో క్రిముల్ని పెంచే మామూలు ప్లేటు మీద అసలు పెరగదు. కాబట్టి డాక్టరుకు అనుమానం రావాలి. అనుమానం రావాలంటే మీరు ఏం పని చేశారో మీ నోటితో చెప్పాలి. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను అనుకోండి.

ముందు ఎలుక జ్వరం సంగతి. ఈ క్రిమి ఎలుకలు, పందికొక్కుల మూత్రపిండాల్లో కాపురం పెడుతుంది. ఎలుకకు ఏ జబ్బూ రాదు, హాయిగా తిరుగుతూనే చాలాకాలం మూత్రంలో క్రిముల్ని వదులుతుంటుంది. ఆవులు, గేదెలు, పందులు, కుక్కలు కూడా మోస్తాయి. ఆ మూత్రం పడిన తడి మట్టిలో, నిలవ నీళ్ళలో అది వారాలపాటు బతికే ఉంటుంది. ఎండకు, ఆరుదలకు, ఉప్పు నీళ్ళకు, క్లోరిన్‌కు చచ్చిపోతుంది. మన ఒంట్లోకి దారి ఏమిటంటే పగుళ్ళు, గీతలు, నీళ్ళలో నానీ నానీ మెత్తబడిన చర్మం, కళ్ళు, ముక్కు, నోరు. 1886లో జర్మనీలో అడాల్ఫ్ వైల్ కామెర్లు, కిడ్నీ దెబ్బతినడం కలిసి వచ్చే ఈ జ్వరాన్ని వివరించాడు, 1915లో జపాన్‌లో ఇనాడా, ఇడో అనే డాక్టర్లు గని కార్మికుల్లో జబ్బుకు కారణమైన క్రిమిని పట్టుకున్నారు. అక్కడ గనుల్లోనే కాదు, వరి కోతలవాళ్ళకూ ఇది వచ్చేది. వరి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట ఇది, అంతే.

అందుకే మొదటి జాగ్రత్త ఎలుకల మీదే, అది కూడా నాట్లకు ముందే, ఊరంతా ఒకేసారి. ఒక్క మీ చేలో మందు పెడితే పక్క చేలోవి వచ్చేస్తాయి. గట్లు చెక్కి సన్నగా, తక్కువ ఎత్తులో ఉంచండి, లావు గట్లంటే వాటికి కొత్త ఇళ్ళు కట్టిచ్చినట్టే. కన్నాలన్నీ ఒకరోజు సాయంత్రం మట్టితో మూసేసి, తెల్లారి మళ్ళీ తెరుచుకున్నవి చూడండి, వాటిలోనే ఎలుకలు ఉన్నట్టు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ మందు కలిపి చిన్న పొట్లాలుగా కట్టి ఆ కన్నాల్లో లోపలికి వేయాలి. వ్యవసాయ శాఖవాళ్ళు ఏళ్ళుగా చెబుతున్న పద్ధతే ఇది. కలిపేటప్పుడు చేతులకు తొడుగులు ఉండాలి, పిల్లలు, కోళ్ళు, కుక్కలు ఆ దగ్గరికి రాకూడదు. చచ్చిన ఎలుకను తోక పట్టుకుని విసిరేయడం చాలామందికి అలవాటు. దయచేసి మానేయండి, పారతో ఎత్తి లోతుగా పాతేయండి. ఇంట్లో వడ్ల బస్తాలు, దాణా మూతలున్న డబ్బాల్లోనో, నేలకు ఎత్తుగానో పెట్టండి. పెంపుడు కుక్క ఉంటే ఏటా వేయించే టీకాలో లెప్టో కూడా ఉందో లేదో పశువుల డాక్టర్ని అడగండి. ఆవులో గేదెలో వరసగా ఈసుకుపోతుంటే (చూడి పోతుంటే) ఆ మాయను, నేలను ఉత్త చేతులతో ముట్టకుండా ఆయనకే కబురు పెట్టండి, దానికి ఈ జబ్బు కూడా ఒక కారణం కావచ్చు. మనుషులకు టీకా మన దగ్గర వాడుకలో లేదు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక కాళ్ళు. నాట్లకు వారం పది రోజుల ముందే ఒకసారి పాదాలు వెలుతురులో తిప్పి చూసుకోండి. మడమల పగుళ్ళు, వేళ్ళ సందుల్లో పుండ్లు, గోరు పక్కన చీము, ఏవి ఉన్నా ఆ వారంలోనే మానేట్టు చూసుకోవాలి. రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్ళలో కడిగి, పొడిగా తుడిచి, వాసెలిన్ కానీ కొబ్బరినూనె కానీ రాస్తే పగుళ్ళు చాలావరకు పూడుతాయి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే కాళ్ళు పగలవని మన ఆడవాళ్ళు పెట్టుకుంటారు, పెట్టుకోండి, అందంగా ఉంటుంది, కానీ పగులు పగులుగానే ఉంటే గోరింటాకు క్రిమిని ఆపదు. షుగరున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త, కాలికి దెబ్బ తగిలినా తెలియదు, పుండు తొందరగా మానదు. వాళ్ళు మానని పుండుతో బురదలో దిగకూడదు అంటాను నేను, కూలి పోయినా సరే.

గంబూట్లు వేసుకోండి అని పుస్తకాల్లో రాస్తారు. నాట్లేసేవాళ్ళను అడగండి, బురదలో బూటు అక్కడే దిగబడిపోతుంది, కాలు ఒక్కటే పైకి వస్తుంది. అందుకని గంబూట్లు కొట్టం కడగడానికి, కాలవ పూడిక తీయడానికి, గట్టు పనికి, డ్రైనేజీకి తప్పనిసరి అనుకోండి. నాట్లకు మాత్రం గాయాల మీద నీళ్ళు దిగని ప్లాస్టరు గట్టిగా అంటించి, పాదాలకు, పిక్కలకు మందంగా వాసెలిన్ పట్టించి దిగండి. ఇది పూర్తి రక్షణ కాదు, అయినా ఏమీ లేకుండా దిగడం కంటే చాలా నయం. మధ్యాహ్నం అన్నానికి గట్టెక్కినప్పుడు కాలవ నీళ్ళతో కాకుండా ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్ళతో, సబ్బుతో చేతులు కడగాలి. బురద చేత్తో కన్ను నులుముకోవడం, చుట్ట కానీ బీడీ కానీ నోట్లో పెట్టుకోవడం, దాహానికి బోదె నీళ్ళు దోసిట పట్టి తాగడం, ఇవన్నీ క్రిమిని మనమే పిలిచి కూర్చోబెట్టుకోవడం. అన్నం క్యారేజీ మూత తీసి గట్టు మీద పెట్టి వెళ్ళకండి. సాయంత్రం ఇంటికి రాగానే సబ్బుతో స్నానం, ఆ తర్వాత వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి పొడి గుడ్డతో తుడవడం. రెండు నిమిషాల పని.

మాత్రల సంగతి. నీళ్ళలో దిగే రోజుల్లో వారానికి ఒకసారి డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు వేసుకోవడం ముందు జాగ్రత్తగా వాడుకలో ఉంది. కేరళలో 2018 వరదలప్పుడు నీళ్ళలో దిగిన వాలంటీర్లకు, కార్మికులకు ఆరోగ్యశాఖ ఇదే ఇచ్చింది. ప్రతి ఊళ్ళో ప్రతి ఒక్కరూ వేసుకోవాలని కాదు. మీ చుట్టుపక్కల ఎలుక జ్వరం కేసులు వస్తుంటే, లేదా వరద నీళ్ళలో రోజుల తరబడి పని ఉంటే, పీహెచ్‌సీ డాక్టర్ని అడిగి వేసుకోండి. గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ముందు జాగ్రత్త పేరుతో ఇవ్వరు. అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్ళతో మింగాలి, వెంటనే పడుకోకూడదు, లేకపోతే గొంతు దగ్గర మాత్ర ఇరుక్కుని లోపల పుండు పడుతుంది. పాలతో, ఐరన్ మాత్రలతో, గ్యాస్ మందులతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. ఎండకు చర్మం మండుతుంది కూడా, తలకు తువ్వాలు కట్టుకోవాలి.

ఊళ్ళే కాదు, టౌన్లలోనూ ఇదే గొడవ. 2005 జూలైలో ముంబై మునిగిన తర్వాత ఎలుక జ్వరం విజృంభించింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో, మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్ళు మునిగినప్పుడు నీళ్ళు తీశాక జనం ఉత్త కాళ్ళతో బురద ఎత్తిపోశారు. నీళ్ళు దిగాక ఇల్లు కడిగేటప్పుడు చెప్పులు, చేతి తొడుగులు లేకుండా ఆ బురద ముట్టకండి. బ్లీచింగ్ నీళ్ళు చల్లి కాసేపు ఉంచి కడిగితే ఈ క్రిమి ఉండదు. పిల్లల్ని ఆ నీళ్ళలో ఆడుకోనివ్వొద్దు.

స్క్రబ్ టైఫస్‌కు నీళ్ళతో పని లేదు. గడ్డి, పొదలు, చేల అంచుల్లో ఉండే చిన్న పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. అది కంటికి ఆనదు, కుట్టినట్టు కూడా తెలియదు. వానలు వెనకబట్టి గడ్డి ఏపుగా పెరిగే రోజుల నుంచి చలికాలం దాకా మన వైపు కేసులు కనిపిస్తాయి. గడ్డి కోయడానికి, పశువులు కాయడానికి వెళ్ళేవాళ్ళు నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసి, అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి. గడ్డి మీద నేరుగా కూర్చోవడం, పడుకోవడం వద్దు, కింద పట్టా పరచుకోండి. బట్టలు ఉతికి కంచె మీదా, పొదల మీదా ఆరేయడం మానండి, తీగ కట్టండి. పురుగుల్ని దగ్గరికి రానివ్వని డీట్ అనే మందు ఉన్న క్రీము దొరికితే కాళ్ళకు, చేతులకు రాసుకోండి. ఇంటికి రాగానే బట్టలు వేరుగా నానబెట్టి, సబ్బుతో గట్టిగా రుద్ది స్నానం చేయండి. ఇంటి చుట్టూ గడ్డి కొట్టేయండి, గడ్డి ఉంటే ఎలుకలు, ఎలుకలుంటే ఈ పురుగులు కూడా ఉంటాయి.

కుట్టినచోట కొన్నిసార్లు మచ్చ పడుతుంది: సిగరెట్‌తో కాల్చినట్టు మధ్యలో నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి వలయం. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే రోగికే తెలియదు. అది ఎక్కువగా గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, మొలతాడు, లంగా బొందు బిగిసే చోట, మోకాలి వెనక ఉంటుంది. సిగ్గుపడి చూపించరు, డాక్టరు కూడా హడావిడిలో అడగరు. జ్వరం వచ్చినవాళ్ళ ఒంటిని ఇంట్లోవాళ్ళే వెలుతురులో ఒకసారి తల నుంచి కాళ్ళ దాకా చూడండి. ఆడవాళ్ళకు ఆడవాళ్ళు, అత్తయ్యకు కోడలు, అమ్మకు కూతురు. ఆ మచ్చ కనిపిస్తే రోగ నిర్ధారణ సగం అయిపోయినట్టే. కనిపించకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

జ్వరం వచ్చాక ఏం చేయాలో ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఎలుక జ్వరం నీళ్ళలో దిగిన రెండు రోజుల నుంచి నెల లోపు, ఎక్కువగా వారం రెండు వారాల్లో మొదలవుతుంది. హఠాత్తుగా చలి జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, ముఖ్యంగా పిక్కలు ముట్టుకుంటేనే అరిచేంత నొప్పి, పుసి లేకుండా కళ్ళు ఎర్రబడటం. కొందరికి నాలుగైదు రోజులకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది, అప్పుడే కామెర్లు, మూత్రం తగ్గిపోవడం, ఆయాసం, దగ్గితే రక్తం పడటం లాంటివి వస్తాయి. ఇవి కనిపిస్తే ఊళ్ళో సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చోవద్దు, ఐసీయూ ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు వద్దనండి, కిడ్నీలు అప్పటికే ఇబ్బందిలో ఉంటాయి, జ్వరానికి పారాసిటమాల్ చాలు.

డాక్టరు దగ్గర మొదటి మాటే ఇలా చెప్పండి: "సార్, పది రోజుల కింద నాట్లకు దిగాను, కాలికి పగుళ్ళున్నాయి, పిక్కలు బాగా నొప్పి. ఎలుక జ్వరం, స్క్రబ్ టైఫస్ కూడా ఒకసారి చూస్తారా?" ఇలా అడగడం తప్పేమీ కాదు. ఎందుకంటే మన ఊళ్ళల్లో విడాల్ టెస్టు పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ పేరు పెట్టేసి పది రోజులు అదే వైద్యం చేయడం నేను చూస్తూనే ఉన్నాను. పాత టైఫాయిడ్ వల్లా, వేరే కారణాల వల్లా విడాల్ పాజిటివ్ రావచ్చు. అలాగే ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీ అనే అనుకుని అందరూ టెన్షన్ పడతారు, వాటి కోసమే తిరుగుతారు. ఈ రెండు జబ్బుల్లోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, పైగా వీటికి మందుంది.

పరీక్షల్లో ఒక మెలిక ఉంది. క్రిమికి ఎదురుగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను రక్తంలో వెతికే ఐజీఎం ఎలైజా దాదాపు ఐదారు రోజులు దాటితే గానీ పాజిటివ్ కాదు, రెండో రోజు చేయించి నెగెటివ్ అని ధైర్యం తెచ్చుకోకండి. మొదటి వారంలో అయితే క్రిమి జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష ఉపయోగపడుతుంది. అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్లు మందు మొదలుపెడతారు, అదే సరైనది. పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ ఎలుక జ్వరానికి పనిచేస్తాయి గానీ స్క్రబ్ టైఫస్‌కు పనిచేయవు. డాక్సీసైక్లిన్ రెండింటికీ పనిచేస్తుంది. స్క్రబ్ టైఫస్ వచ్చిన గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. స్క్రబ్ టైఫస్ ముదిరినవాళ్ళకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి రక్తనాళం ద్వారా ఇస్తే ఒక్కటి ఇచ్చినదానికంటే మేలు అని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) డాక్టర్ల ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన 2023లో తేల్చింది. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మూడు రోజులు పడినా జ్వరం దిగలేదంటే, డాక్టరుతో స్క్రబ్ టైఫస్ పేరు మళ్ళీ ఎత్తండి.

ఎలుక జ్వరంలో మందు మొదటి డోసు పడిన కొన్ని గంటల్లో కొందరికి చలి, వణుకు, జ్వరం ఒక్కసారిగా పెరుగుతాయి. క్రిములు చచ్చేటప్పుడు వచ్చే ఇబ్బంది అది, ఒక రోజులో సర్దుకుంటుంది. మందు పడలేదని భయపడి ఆపేయకండి, డాక్టరుకు చెప్పి అక్కడే ఉండండి. జ్వరం దిగినా రాసిచ్చిన రోజులన్నీ మాత్రలు వేసుకోవాలి, మూత్రం మామూలుగా వస్తోందో లేదో ఇంట్లోవాళ్ళు గమనిస్తూ ఉండాలి, మళ్ళీ బురదలో దిగడం మాత్రం కాళ్ళు పూర్తిగా మానాకే.