ముందు బండికి ఎంత దూరం ఉండాలంటే...

భీమవరం, పాలకొల్లు వైపు కాలువ గట్టు రోడ్ల మీద ముందు వెళ్లే ట్రాక్టరో రొయ్యల లారీయో ఉన్నట్టుండి బ్రేక్ వేస్తే తప్పుకోవడానికి చోటుండదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను.

దూరాన్ని మీటర్లలో అంచనా కట్టలేం, అందుకే లెక్కపెట్టుకుంటున్నాను. ముందు బండి ఏదైనా కరెంటు స్తంభాన్నో కొబ్బరి చెట్టునో దాటగానే మనసులో "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు" అనుకోవాలి. ఒక్కోటీ సుమారు ఒక సెకను. మూడూ పూర్తికాకముందే మనం ఆ చెట్టు దగ్గరికి వచ్చేస్తే, మరీ దగ్గరగా పోతున్నట్టే. యాక్సిలేటర్ వదిలి మళ్లీ లెక్కపెట్టండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఈ మూడు సెకన్లు దాదాపు 50 మీటర్లు. బైకుకైనా కారుకైనా ఇదే లెక్క. మధ్యలో ఎవరైనా దూరితే దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గితే సరి.

వానలోనూ, చేపల లారీల నుంచి నీళ్లు కారిన రోడ్డు మీదా మూడు చాలదు, ఆరు దాకా లెక్కపెట్టాలి. రాత్రిపూట లైట్లు లేకుండా ఆపేసిన గడ్డి ట్రాక్టరు విషయంలో మాత్రం ఈ లెక్క అసలు పనిచేయదు. అక్కడ మన హెడ్‌లైటు పడినంత మేరలో బండి ఆగేటంత వేగంలోనే పోవాలి.